నీలం పట్టల నడపావడ

ఆ పొద్దున నా చేతిలో ఉన్నవి ఇవి: మడత విప్పని నీలం టార్పాలిన్ పట్టలు అరవై, వాటిని మోసే సొంత టెంపో, కుప్పంలో వాటికోసం కాచుకుని ఉన్న ఒక బేరం, సోమల పక్కన బోడిమిట్టపల్లెలో ఒక అక్క. మొదటి మూడూ నేను సంపాదించుకున్నవి. నాలుగోది మా అమ్మ ఇచ్చిపోయింది.

మదనపల్లెలో టమోటా మార్కెట్టు వెనక వీధిలో నాది తాళ్లు, క్రేట్లు, పట్టలు అమ్మే అంగడి. ఎండాకాలం క్రేట్లు పోతాయి, వానాకాలం పట్టలు పోతాయి. ఆకాశం ఎటు తిరిగినా నాకు ఏదో ఒకటి అమ్ముడుపోతుంది. ఆ కార్తీకంలో వాన ఆగడం మరిచిపోయింది. కొండలు కనబడి వారం దాటింది. మార్కెట్లో కాయ మెత్తబడి రైతుల ముఖాలు వాడిపోతే, నేను కూడా నా ముఖాన్ని కొంచెం వాడ్చుకుని పట్టలు అమ్ముకున్నాను.

కుప్పం బయల్దేరిన దినం రోడ్డు మీద మంచు దిగి ఉంది. ఎదురొచ్చే లారీలు రెండు పసుపు చుక్కలుగా పుట్టి, నా పక్కన ఒక్క క్షణం లారీలై, మళ్లీ ఏమీ కాకుండా పోతున్నాయి. దారి పక్క ప్రతి గుంటలోనూ నీళ్లు. మా సీమలో నీళ్లు అలా అడగకుండా కనబడితే మనిషికి కల కంటున్నట్టే ఉంటుంది. పుంగనూరు చేరేసరికి ఫోన్ మోగింది. రేష్మ.

రేష్మకు పుంగనూరులో మందుల షాపు ఉంది. ఆమె చుట్టూ మేం పదిహేను ఇరవై మందిమి. పాలవ్యాను వాళ్లు, అంగళ్ల వాళ్లు, ఇద్దరు టీచర్లు, కుప్పం వైపు గ్రానైటు పని చేసే కుర్రాళ్లు కొందరు. మాకు బోర్డు లేదు, పేరు లేదు. ఎక్కడైనా వరదో, అగ్గో, గాలివానో వస్తే ఉన్నది పోగుచేసుకుని పోతాం. నేను ఇందులో చేరింది ధర్మం కోసం కాదు. విజయవాడ మునిగిన ఏడు రేష్మ నా అంగట్లో పట్టలు అరువు తీసుకుంది. అవి తిరిగొస్తాయో రావోనని వాటి వెంట నేనూ లారీ ఎక్కాను.

అక్కడ ఒక మేడ మీద ముసలి దర్జీ ఒకాయన కూర్చుని ఉన్నాడు. పడవ వచ్చి ఆగినా దిగలేదు. కింద గదిలో ఆయన కుట్టుమిషను మునిగి ఉంది. అందరూ గంట సేపు బతిమాలారు. రేష్మ మాత్రం ఏమీ మాట్లాడకుండా నీళ్లలోకి దిగి, ఇద్దరి సాయంతో ఆ మిషన్ను ఎత్తి పడవలో పెట్టించింది. ముసలాయన దానివైపు చూసి, మెల్లగా మెట్లు దిగి వచ్చి దాని పక్కన కూర్చున్నాడు.

"మనిషిని పిలిస్తే రాడన్నా. వాని మనసు దేని మీదుందో దాన్ని కదిలించల్ల," అంది రేష్మ తర్వాత, చీర కుచ్చెళ్లు పిండుకుంటూ.

ఆ రేష్మ ఇప్పుడు ఫోన్లో అడిగింది. "అన్నా, యాడుండావు?"

"పుంగనూరులోనే. కుప్పానికి పోతాండా, సరుకు దించేదానికి."

"కుప్పం రేపు పోవచ్చులే. బోడిమిట్టపల్లె చెరువు కట్ట కారతాందంట. దేవేంద్ర వాళ్లు ఇసక మూటలేసుకొని రాత్రే వచ్చేసినారు. నీ బండి గావల్ల."

"మా అక్క ఊరు అది."

"తెలుసన్నా. అందుకే మొదట నీకు చేసినా."

షాపు ముందు మందుల సంచితో నిలబడి ఉన్న ఆమెను ఎక్కించుకుని టెంపోను సోమల దారికి తిప్పాను. కుప్పం బేరం వెనక మంచులోకి పోయింది.

బోడిమిట్టపల్లె చెరువు కింద, చేటలో గింజల్లా ఒదిగి ఉంటుంది. ఆ చెరువును నేను ఎప్పుడూ చెరువుగా చూడలేదు. పిల్లలు క్రికెట్ ఆడే చోటు, గొర్రెలు మేసే చోటు. ఆ దినం కట్ట ఎక్కి చూస్తే ఎదర నేల లేదు. నీళ్లు ఎక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. తుమ్మచెట్ల తలలు నీళ్ల మీద తేలుతున్నట్టు ఉన్నాయి. ఒక కొంగ గాలిలో నిలబడినట్టు నిలబడి ఉంది. చల్లగా, మెత్తగా, ఎవరో చెవిలో ఊదినట్టు నీళ్ల వాసన.

కట్ట దిగువన దేవేంద్ర మోకాళ్ల లోతు బురదలో ఉన్నాడు. శాంతిపురం మనిషి. సొంత లారీ, ఏడెనిమిది మంది గ్రానైటు కుర్రాళ్లు. వాళ్లు ఇసుక మూటలు పేర్చిన చోట నీళ్లు సన్నగా ఉబుకుతున్నాయి.

"సూడన్నా," అన్నాడు.

చూశాను. మా గుంపులో అందరికీ నేర్పిన మొదటి పాఠం అది. కట్ట కింద ఊట తేటగా ఉంటే కాపలా కాయి. ఎర్రగా ఉంటే ఊరు ఖాళీ చేయించు, ఎందుకంటే అప్పుడు కారేది నీళ్లు కాదు, కట్ట. ఆ ఊట పారాణి నీళ్లంత ఎర్రగా ఉంది.

"ఆఫీసరోళ్లకు సెప్పినాం. వస్తాండారు. వంక పారతాంది, సుట్టి రావల్ల," అన్నాడు దేవేంద్ర. "ఈలోపల ఊరోళ్లను మిట్ట మీదికి ఎక్కించాలంటే, ఒక్కరూ ఇనరు. నన్ను జూసి నవ్వుతాండారు."

ఎందుకు నవ్వుతున్నారో ఊళ్లోకి పోయాక అర్థమైంది. చెరువు మొరవ పోతోంది. మొరవంటే చెరువు నిండి, కట్ట చివర రాతి గట్టు మీదుగా నీళ్లు పొంగి దుమకడం. మా అక్క కొత్త కోడలుగా వచ్చిన ఏడు మొరవ పోయింది, మళ్లీ ఆ దినమే. వరద అలవాటున్న ఊళ్లో అయితే నీళ్లు పెరిగితే జనం పారిపోతారు. మా మెట్టసీమలో నీళ్లు వస్తే ఎదురుపోతారు. తుంపరలో పట్టుచీరలు కట్టుకుని ఆడవాళ్లు తిరుగుతున్నారు. ఊరుమ్మడి వసారాలో పలక డప్పులు అగ్గి మీద వెచ్చబెడుతున్నారు. గంగమ్మ కరగం, అంటే అమ్మవారిని నిలిపిన కుండ, తలకెత్తుకుని ఊరంతా కట్ట మీదుగా మొరవ దాకా నడిచి, అక్కడ కరగాన్ని నీళ్లలో వదలాలి. పసిబిడ్డ నుంచి పండుముసలి దాకా ఎవరూ ఇంట్లో మిగలకూడదు. అది మొరవ పూజ.

నేను వసారా ముందు నిలబడి కట్ట సంగతి చెప్పాను. అందరూ విన్నారు. ఒక పెద్దాయన బీడీ పక్కన పెట్టి అడిగాడు.

"ఏం సెట్టీ, బండిలో ఏముండాది?"

"పట్టలు."

"ఎన్ని?"

"అరవై."

"అదప్పా సంగతి. కట్ట తెగితేనే గదా నీ పట్టలు తెగేది."

వసారా అంతా నవ్వింది. ఆయనే, "మా అల్లునికి ఒకటి రాసుకో, తెగినాక తీసుకుంటాడు," అన్నాడు. మళ్లీ నవ్వారు. నా సరుకు నా నోరు మూయించడం అదే మొదటిసారి.

అక్క ఇంటికి పోయాను. కమలాక్షి అక్క తలంటుకుని, కాళ్లకు పసుపు రాసుకుని పీట మీద కూర్చుని ఉంది. పక్కన ఇత్తడి కరగానికి వేపాకు కడుతున్నారు. కరగం ఎత్తేది ఆమేనని అప్పుడు తెలిసింది.

"వచ్చినావా పతీ. మంచి దినం జూసి వచ్చినావు," అంది. పతి అన్నది ఆమె నన్ను పిలిచే పేరు.

"అక్కా, కట్ట ఎర్రగా కారతాంది. మిట్ట మీదికి పోదాం రా."

"కారనీరా. కొత్త కుండ కారదా?"

"ఇది కుండ గాదు గదక్కా."

ఆమె నా వైపు చూసింది. కోపంగా కాదు. దూరంగా ఉన్నవాళ్లను పోల్చుకోబోయినట్టు చూసింది.

"ఒరే, నడమన ఎన్ని బోర్లేసినామో నీకు తెలుసు. మీ బావ బోరు బండి సప్పుడు ఇంటా ఇంటానే పోయినాడు. నీళ్లు పడినాయా అని అడిగినాడు కండ్లు మూసేటప్పుడు. పడినాయని అబద్ధం సెప్పినా. ఈ పొద్దు నిజంగా వచ్చింది. ఆయమ్మ గడప కాడికొస్తే, తలుపేసుకొని పారిపొమ్మంటావా?"

ఎవరు ఏ ధర చెప్పినా నా దగ్గర ఎదురు ధర ఉంటుంది. నేను దాన్ని వెతుక్కునేలోపే వేపాకు కట్టడం అయిపోయింది.

కరగాన్ని ఆమె తల మీద పెట్టారు; గంగమ్మను మోసేదానికి ముత్తైదువే కావాలన్న పట్టింపు ఆ ఊళ్లో లేదు. ఇక అది నీళ్లలో కలిసేదాకా ఆమె నోరు తెరవదు. ఆమెను ఎవరూ తాకకూడదు. కరగం కట్ట ఎక్కితే ఊరంతా దాని వెనక కట్ట ఎక్కుతుంది. అందరికన్నా ముందు నడిచేది మా అక్క.

బయటికి వస్తే టెంపో దగ్గర రేష్మ నిలబడి ఉంది. నా ముఖం చూసింది. "అన్నా, దర్జీ మిషను," అని మాత్రం అంది.

కరగం. అర్థమైంది. కానీ ఆ మిషను ఎత్తినట్టు దీన్ని ఎత్తి బండిలో పెట్టే వీలు లేదు. వెచ్చబెట్టిన పలకను వేలితో తట్టి చూసుకుంటున్న మునిరాజు దగ్గరికి పోయాను. పలక వాళ్లలో పెద్ద అతనే.

"మునిరాజా, కరగం దారి ఎవురు నిర్ణయిస్తారు?"

"ఎవురు నిర్ణయిస్తారు? నడపావడ యాడ పరిస్తే ఆడ పోతాది. అమ్మ మట్టి తొక్కదు గదా."

ఆ ఆచారం నాకు తెలిసిందే. కరగం ఎత్తినామె నేల మీద అడుగు పెట్టదు. ముందర గుడ్డ పరుస్తూ పోవాలి, దాన్నే నడపావడ అంటారు. ఇంటింటి చీరలు పరుస్తారు. ఆమె దాటిన చీరను వెనకనుంచి ఎత్తి ముందుకు తెచ్చి మళ్లీ పరుస్తారు.

"చీరలే పరచల్లనా?"

"గుడ్డ పరచల్ల. చీరే అని ఎవురు రాసినారు?"

"పట్ట గుడ్డేనా?"

మునిరాజు పలక దించి నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత నా భుజం మీదుగా కట్ట వైపు చూశాడు. అతని ఇల్లు ఊళ్లో అన్నిటికన్నా పల్లంలో ఉంది. ఎర్ర ఊట మాట అతను నవ్వకుండా విన్నాడని అప్పుడు తెలిసింది.

"కొత్తదేనా?"

"మడత ఇప్పలే."

"ఎవురూ తొక్కని గుడ్డైతే గుడ్డే సెట్టీ. నువ్వు పరువు, నేను కొడతా. అమ్మ ఒప్పుకొనేది అమ్మ ఇష్టం."

ఊరి చివర పాలడెయిరీ షెడ్డు ఉంది. అక్కడ దారి చీలుతుంది. ఎడమకు కట్ట, కుడికి బడి ఉన్న మిట్ట. రేష్మ, నేను, దేవేంద్ర కుర్రాళ్లు ముందుగా అక్కడికి పోయి కుడి దారిలో పట్టలు విప్పాం. కొత్త పట్ట విప్పితే ఒక వాసన వస్తుంది. నాకు అది డబ్బు వాసన. ఆ మంచులో, ఆ ఎర్రమట్టి మీద ఒకటి తర్వాత ఒకటి నీలంగా పరుచుకుంటూ పోతుంటే, ఆకాశాన్ని చింపి దారి మీద వేస్తున్నట్టు అనిపించింది. వెలలు మరిచిపోవడానికి ప్రయత్నించాను. మరిచిపోలేదు.

పలకలు వినబడ్డాయి. మంచులోంచి మొదట శబ్దం, తర్వాత రంగులు, తర్వాత మనుషులు వచ్చారు. అక్క కళ్లు సగం మూసి, కాలి ముందున్న చీరనే చూస్తూ నడుస్తోంది. ఆమె వెనక ఊరంతా ఉంది. చంకల్లో బిడ్డలు, చేతుల్లో హారతులు. మనుషులందరూ పోతుంటే ఆవులూ మేకలూ కూడా వెంటపడ్డాయి. నడవలేని వాళ్లను కుర్చీలతో సహా దేవేంద్ర లారీలో ఎక్కించి వెనకనే తెస్తున్నాడు. పూజ చూపిస్తామంటే ఎవరూ కాదనలేదు.

షెడ్డు దగ్గర చీర అయిపోయింది. మునిరాజు కుడికి తిరిగి కొట్టాడు.

అక్క ఆగింది.

ఎడమన మట్టి దారి, కుడిన నీలం దారి. ఆమె చీర అంచు మీద నిలబడి ఉంది. వెనకున్న వాళ్లు గొణిగారు. "మొరవ ఇట్లుండాది గదా", "ఏం పరిసినారప్పా అది", "సెట్టి పనే." ఒక ఆడమనిషి చంకలోని చీర విప్పుతూ ఎడమ వైపుకు నడిచింది. ఆమె ఆ చీర పరిస్తే అంతా అయిపోయినట్టే. పట్టుకుని ఆపలేను, అక్కను తాకలేను. బురదలో మోకాళ్ల మీద ఉండి, చేతిలో ఉన్న పట్ట అంచును అక్క కాళ్ల దాకా లాగి నిమిరి సరిచేశాను.

"అక్కా," అన్నాను. "పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డను గడప మీద నిలబెట్టి పంపుతామా? గంగమ్మను పైకి పిలుచుకొనిపోదాం. ఆడ్నించి సూస్తే చెరువంతా కనపడతాది."

ఆమె కళ్లు పూర్తిగా తెరిచింది. నన్ను చూసింది. నా వెనక మిట్ట దాకా పోతున్న పట్టలను చూసింది, వాటి మీద అప్పటికే పడిన బురదను చూసింది. తుంపర కరగం మీద పడి వేపాకు కొసల నుంచి ఆమె భుజాల మీదికి జారుతోంది. పలక కూడా ఊపిరి బిగబట్టినట్టు మెల్లగా మోగింది.

పసుపు కాలు పట్ట మీద పెట్టింది.

తర్వాత అంతా నిద్రలో నడిచినట్టు జరిగింది. మేం వెనక పట్టను ఎత్తి ముందుకు తెచ్చి పరిచాం, మళ్లీ ఎత్తాం, మళ్లీ పరిచాం. మిట్ట ఎక్కేకొద్దీ మంచు పలచబడింది. కింద ఇళ్లు ఆడపిల్లలు వేసిన బొమ్మరిళ్లంత అయ్యాయి. ఒక్క మనిషి కూడా కట్ట వైపు పోలేదు. కరగం ఒకవైపు, మనుషులు ఒకవైపు పోయే పని ఆ ఊళ్లో ఎప్పుడూ లేదు.

బడి మెట్ల దగ్గరికి వచ్చి అందరం వెనక్కి తిరిగి చూసేటప్పటికి కట్ట నడుమ ఒక చోట కుంగింది. పెద్ద శబ్దం ఏమీ రాలేదు. ఎప్పటి నుంచో బరువు మోస్తున్నవాళ్లు దించుకున్నప్పుడు వదిలే నిట్టూర్పులాంటిది వినబడింది. ఎర్రటి నీళ్లు మెల్లగా, తొందరేమీ లేనట్టు, ఊళ్లోకి నడిచాయి. పాలడెయిరీ షెడ్డును ముందు తాకాయి. తర్వాత వసారా. తర్వాత మునిరాజు ఇల్లు. తర్వాత అక్క ఇల్లు. బీడీ పెద్దాయన తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఎవరి ఇంటిని వాళ్లు గుర్తుపడుతూ, పేర్లు పిలిచినట్టు పెదవులు కదుపుతూ చూశారు.

నీళ్లు మిట్ట మొదలు దాకా వచ్చి ఆగాయి. కింద మిగిలిపోయిన ఒక పట్ట వాటి మీద తేలి, పడవలా ఊగింది. అక్క ఎవరినీ చూడకుండా, మేం మళ్లీ కిందికి పరిచిన పట్టల మీద నడుచుకుంటూ దిగింది. మొరవ దాకా పోవలసిన పని లేకపోయింది. గంగమ్మే వచ్చింది. కరగాన్ని రెండు చేతులా దించి నీళ్లలో వదిలింది. అది రెండు చుట్లు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు చెరువు వైపు పోయింది.

ఆమె నోరు తెరిచి మొదట అన్న మాట ఇది: "పతీ, ఆ పట్ట ఎత్తరా. కొట్టకపోతాది."

ఎత్తాను. ఆమె పక్కన కూర్చుని అడిగాను. "యాల తిరిగినావక్కా? నేను సెప్పిన మాటకా?"

"నీ మాటకా?" అని నవ్వింది. "నీ మాటలు పుట్టినప్పట్నించీ ఇంటాండా. నువ్వు బురదలో పరిసిన గుడ్డకు తిరిగినా. మడత ఇప్పిన పట్ట సగం ధరకు గూడా పోదని నువ్వే గదా సెప్తావు. మా తమ్ముడు తన సరుకు తానే పాడుచేసుకుంటాండాడంటే, కట్ట నిజంగా తెగతాదని అనుకున్యా."

ఆ సాయంత్రానికి ఆ పట్టలే మిట్ట మీద ఇళ్లయ్యాయి. పుంగనూరు నుంచి పాలు, అన్నం వచ్చాయి. కుప్పం నుంచి బియ్యం, దుప్పట్లు వచ్చాయి. ఆఫీసరు వాళ్లు వంక చుట్టి వచ్చి దీపాలు పెట్టారు. బీడీ పెద్దాయన తన పట్ట తానే కట్టుకుంటూ, "సెట్టీ, ఇది ఎవురి ఖాతాలో రాస్తావు?" అని అడిగాడు. "మీ అల్లుని ఖాతాలో," అంటే చాలాసేపు నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకున్నాడు.

కొన్నాళ్లకు విజయవాడ నుంచి ఒక మూట వచ్చింది. ఆ దర్జీ ముసలాయన రేష్మ పేరు మీద పంపాడు. లంగాలు, రవికలు, పిల్లల చొక్కాలు. కొలతలు తెలియక అందాజుగా కుట్టాడు. ఒక్కటీ ఎవరికీ సరిగ్గా పట్టలేదు. అందరూ తొడుక్కున్నారు.

ఇళ్లు లేచాక పట్టలు విప్పి ఉతికాం. మరక పోలేదు. ఈ మధ్య పక్క రాష్ట్రంలో ఒక కొండ జారిందని తెలిసి రేష్మ ఫోన్ చేసింది. మరకలతోనే లారీ ఎక్కించాం. వాటి కింద ఇప్పుడు ఏ భాష మాట్లాడేవాళ్లు నిద్రపోతున్నారో నాకు తెలియదు. నీలం నీడలో, వాన చప్పుడు వింటూ ఉంటారు. ఒక పట్ట మూలన పసుపు పాదం గుర్తు ఉంటుంది. అది ఎవరిదని వాళ్లు అనుకుంటారో.

ఇక లెక్క. పోయినవి: అరవై కొత్త పట్టలు, కుప్పం బేరం, ఆ ఏడు వానాకాలం లాభం. వచ్చినవి: చేటలో గింజ ఒక్కటీ నేల రాలకుండా ఒక ఊరు, అందులో మా అక్క.

ఆమె మాత్రం ఆ సంగతి ఎవరికి చెప్పినా, "మా తమ్ముడు నష్టానికి పని చేసిన దినం" అని మొదలుపెడుతుంది. నేను ఎదురు చెప్పను. ఆమెకు వ్యాపారం తెలియదు.